లెక్సింగ్టన్‌కు వచ్చిన లేఖలు

ఓడిపోయిన సేనానికి ఉత్తరాలు ఎవరు వ్రాస్తారు? గెలిచినవానికి అభినందనలు వస్తవి, పదవులు వస్తవి, ఊరూరా ఊరేగింపులు జరుగుతవి. ఓడినవాని ఇంటి గడప తొక్కేవాడు సామాన్యంగా అప్పులవాడే. కాని 1865 ఏప్రిల్ 9వ తేదీన అపొమాటక్స్ కోర్టుహౌస్ అనే పల్లెలో జనరల్ గ్రాంటుకు లొంగిపోయిన రాబర్ట్ ఎడ్వర్డ్ లీ విషయంలో ఈ లోకరీతి తలక్రిందులైనది. ఆ తరువాత అతడు బ్రతికిన అయిదున్నర సంవత్సరాల కాలంలో అతని బల్లమీద ఉత్తరాలు కుప్పలుగా పడుతూనే ఉండినవి. ఉద్యోగం లేని సైనికులు, కొడుకులను పోగొట్టుకొన్న తల్లులు, చరిత్ర వ్రాయబూనినవారు, ప్రచురణకర్తలు, దేశం విడిచి పారిపోయిన సేనానులు, సముద్రాల కావలి కవులు, పండితులు అందరూ వ్రాసినవారే. వాటికి జవాబులు వ్రాయడమే అతని చివరి కొలువైనదంటే అతిశయోక్తి కాదు. ఏ ఉత్తరానికి ఏమని బదులు చెప్పినాడు, దేనికి మౌనం వహించినాడు అన్నది తెలిస్తే ఆ మనిషి ఎవరో చాలవరకు తెలుస్తుంది.

లీ 1807 జనవరి 19న వర్జీనియాలోని స్ట్రాట్‌ఫర్డ్ అనే పెద్ద భవంతిలో పుట్టినాడు. తండ్రి హెన్రీ లీ అమెరికా స్వాతంత్ర్య సమరంలో పేరు మోసిన అశ్వికదళ నాయకుడు, ఒకప్పుడు వర్జీనియాకు గవర్నరు. అయినా అప్పులపాలై చెరసాల చూసి, కుమారునికి ఆరేండ్లు ఉన్నప్పుడే ద్వీపాంతరం వెళ్ళి, తిరిగి ఇల్లు చేరకుండానే 1818లో మరణించినాడు. తండ్రి దుబారా చూసిన కొడుకు జీవితమంతా లెక్క తప్పకుండా బ్రతికినాడు. వెస్ట్‌పాయింట్ సైనిక విద్యాలయంలో నాలుగేండ్లు ఒక్క దండన కూడా లేకుండా చదివి 1829లో తరగతిలో రెండవవాడుగా ఉత్తీర్ణుడైనాడు. 1831లో మేరీ కస్టిస్‌ను వివాహమాడినాడు. ఆమె తండ్రి సాక్షాత్తు జార్జి వాషింగ్టన్ ఇంట పెంపుడు మనుమడుగా పెరిగినవాడు. ఆ విధంగా ఆర్లింగ్టన్ భవనం, దానితోపాటు వాషింగ్టన్ పేరుకు దగ్గరితనం లీకి సంక్రమించినవి. మెక్సికో యుద్ధంలో కీర్తి గడించినాడు. 1852 నుండి 1855 వరకు తాను చదివిన వెస్ట్‌పాయింట్‌కే అధిపతిగా ఉన్నాడు. ఉపాధ్యాయుల మధ్య మెలగడం అతనికి అప్పుడే అలవాటైనది.

1861 ఏప్రిల్‌లో ఉత్తర సైన్యానికి నాయకత్వం వహింపుమని పిలుపు వచ్చినప్పుడు నిరాకరించి, 20వ తేదీన ఉద్యోగానికి రాజీనామా పంపి, వర్జీనియా పక్షాన నిలిచినాడు. తరువాతి నాలుగేండ్ల కథ, గెటిస్‌బర్గ్ మొదలైన రణరంగాలు చరిత్ర పుస్తకాలలో ఉన్నవే. యుద్ధం ముగిసేనాటికి ఆర్లింగ్టన్ ప్రభుత్వం వశమై సైనికుల శ్మశానవాటికగా మారినది. భార్య కీళ్ళవాతంతో చక్రాల కుర్చీకి పరిమితమైనది. ఇరవైమూడేండ్ల కుమార్తె ఆనీ 1862లో ఇంటికి దూరంగా నార్త్ కరోలినాలో కన్ను మూసినది. దేశద్రోహ నేరం క్రింద నార్ఫోక్‌లో అభియోగం తయారైనది; లొంగుబాటు షరతులు ఇచ్చినవాడను నేనేనని గ్రాంటు పట్టుబట్టడం చేత అది ముందుకు సాగలేదు. ఇల్లు లేదు, కొలువు లేదు, వోటు లేదు. ఒక స్త్రీ దయతో ఇచ్చిన పల్లెటూరి కుటీరంలో కుటుంబంతో తల దాచుకొన్నాడు.

అటువంటి వేళ అతనికి వచ్చిన ఉత్తరమొకటి మిగిలిన జీవితానికి దారి చూపినది. లెక్సింగ్టన్ పట్టణంలోని వాషింగ్టన్ కళాశాల పాలకవర్గం 1865 ఆగస్టు 4న సమావేశమై లీని అధ్యక్షునిగా ఎన్నుకొన్నది. అతన్ని ముందుగా అడుగనైనా లేదు! ఆ కళాశాల 1749లో చిన్న బడిగా మొదలై, 1796లో జార్జి వాషింగ్టన్ ఇచ్చిన కాలువ కంపెనీ వాటాలతో నిలద్రొక్కుకొని, ఆయన పేరు పెట్టుకొన్నది. 1864 జూన్‌లో ఉత్తర సైన్యం ఆ దారిన పోతూ దాని గ్రంథాలయాన్ని, ప్రయోగ పరికరాలను ధ్వంసం చేసినది. మిగిలినవి నలుగురు ఆచార్యులు, కొద్దిమంది విద్యార్థులు, అప్పులు. ఈ ఆహ్వానాన్ని స్వయంగా అందజేయడానికి బయలుదేరిన పాలకవర్గాధ్యక్షుడు బ్రాకెన్‌బరో న్యాయమూర్తికి ఒంటిమీదికి మంచి దుస్తులు కూడా లేక ఎరవు తెచ్చుకొన్నాడని చెప్పుకొంటారు. జీతం సంవత్సరానికి 1500 డాలర్లు, ఒక ఇల్లు, తోట, విద్యార్థుల రుసుములో కొంత భాగం. ఆ జీతమైనా ఇవ్వగలమన్న ధైర్యం పాలకులకు ఉండినదో లేదో!

లీ మూడు వారాలు ఆలోచించినాడు. ఆగస్టు 24న వ్రాసిన జవాబులో తన ఆరోగ్యం తరగతులలో బోధించడానికి చాలదనీ, ప్రభుత్వ క్షమాభిక్షకు నోచుకోని తన పేరు కళాశాలకు అపకారం చేయవచ్చుననీ హెచ్చరించి, అయినా వారు కోరితే వస్తానన్నాడు. వారు కోరినారు. సెప్టెంబరు 18న ట్రావెలర్ అనే తన బూడిదరంగు గుర్రంమీద ఒంటరిగా లెక్సింగ్టన్ చేరినాడు. అక్టోబరు 2న నిరాడంబరంగా ప్రమాణం చేసి పదవి స్వీకరించినాడు. అదే రోజున మరొక కాగితంమీద కూడా సంతకం చేసినాడు. అమెరికా రాజ్యాంగానికి విధేయుడుగా ఉంటానన్న ప్రతిజ్ఞాపత్రం అది. జూన్‌లోనే అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్‌కు క్షమాభిక్ష కోరుతూ వ్రాసిన అర్జీకి అనుబంధంగా పంపవలసిన పత్రం. అది వాషింగ్టన్ చేరినది గాని దానికి జవాబు రాలేదు. ప్రభుత్వ కాగితాల మధ్య వంద సంవత్సరాలకు పైగా పడియుండి 1970లో జాతీయ పత్రభాండారంలో దొరికినది. 1975 ఆగస్టులో అధ్యక్షుడు ఫోర్డ్ లీకి పౌరసత్వం పునరుద్ధరించే తీర్మానంపై సంతకం చేసినాడు. ఇన్ని ఉత్తరాలకు జవాబు వ్రాసినవాడు తాను పంపిన అర్జీకి మాత్రం బ్రతికియుండగా జవాబు చూడలేదు.

లెక్సింగ్టన్ రైలుదారికి దూరమైన ఊరు. గోషెన్ అనే స్టేషన్ నుండి ఇరవైమూడు మైళ్ళు కొండదారిన గుర్రపు బండిలో రావాలి. లేదా కాలువలో పడవపై నెమ్మదిగా సాగిరావాలి. ఏ దారిన వచ్చినా రెండవదే మేలని తోస్తుందని లీ పరిహాసంగా అనేవాడట. ఆ రెండు దారులూ దాటి టపా వచ్చేది. ఉదయం ఏడు గంటలు దాటగానే ప్రార్థనకు హాజరై, అక్కడినుండి కార్యాలయానికి పోయి, మధ్యాహ్నం వరకు కాగితాల ముందు కూర్చునేవాడు. మొదటి రోజులలో గుమాస్తా లేడు. ప్రతి జవాబు స్వహస్తంతో వ్రాయడమే.

చిల్లర ఉత్తరాలే అధికం. సంతకం కావాలని కొందరు, ఛాయాచిత్రం కావాలని కొందరు, బిడ్డకు మీ పేరు పెట్టుకొన్నామని మరికొందరు. చేతి వ్రాతే జ్ఞాపికగా దాచుకొనే కాలం గనుక ఎంత చిన్న జవాబైనా ఆ ఇంట పెట్టె అడుగున భద్రమయ్యేది. గుర్రానికి కూడా ఈ అభిమానం తప్పలేదు. జ్ఞాపకార్థమని తోక వెండ్రుకలు పీకివేసే కుర్రవాళ్ళ వలన ట్రావెలర్ ఈకలు పీకిన కోడివలె తయారైనదని లీ ఇంటివారికి వ్రాసినాడు. ధనం ఆశ చూపిన ఉత్తరాలు వేరు. భీమా కంపెనీలు, వ్యాపార సంస్థలు అతని పేరు మాత్రం తమ కాగితాలపై వేసుకొనడానికి పెద్ద మొత్తాలు ఇవ్వజూపినవి. పని చేయకుండా ప్రతిఫలం పుచ్చుకొనడం తనకు చేతగాదని మర్యాదగా త్రోసిపుచ్చినాడు. ఇంగ్లాండులో ఎస్టేటు ఇస్తామన్నవారికీ అదే జవాబు. 1867లో వర్జీనియా గవర్నరు పదవికి నిలబడుమని వచ్చిన ఉత్తరానికి కూడా, అట్టి ఎన్నిక రాష్ట్రానికి మేలు కంటే కీడే చేస్తుందని చెప్పి ఒప్పుకోలేదు. నెలకు నూటపాతిక డాలర్ల ఉపాధ్యాయుడు ఈ మాటలు వ్రాస్తున్నాడని గుర్తుంచుకోవాలి.

పారిపోయిన సహచరుల లేఖలు వేరొక రకం. సముద్ర శాస్త్రంలో ప్రపంచ ప్రఖ్యాతి గాంచిన మాథ్యూ మారీ మెక్సికో చేరి, అక్కడి చక్రవర్తి మాక్సిమిలియన్ కొలువులో దక్షిణాది కుటుంబాలను రప్పించి కాపురం పెట్టించే పథకం వేసినాడు. లీకి కూడా వ్రాసినాడు. 1865 సెప్టెంబరులో లీ ఇచ్చిన జవాబు స్పష్టమైనది. కష్టకాలంలో పుట్టిన గడ్డను వదలిపోవడం తగదనీ, వర్జీనియాకు ఆమె బిడ్డలందరూ ఇప్పుడే అవసరమనీ దాని సారాంశం. విదేశ సైన్యాలనుండి పిలుపులు వస్తున్న జనరల్ బోరెగార్డ్‌కు అక్టోబరు 3న, అంటే విధేయతా పత్రంపై సంతకం చేసిన మరునాడు, వ్రాసిన ఉత్తరంలో వాషింగ్టన్ కథనే ఉదాహరణగా తెచ్చినాడు. ఒకప్పుడు ఇంగ్లాండు రాజు పక్షాన ఫ్రెంచివారితో పోరాడినవాడే తరువాత ఫ్రెంచివారితో కలిసి ఆ రాజుపైనే పోరాడినాడు, పరిస్థితి మారినప్పుడు కర్తవ్యం కూడా రూపు మార్చుకొంటుంది అని వాదించినాడు. తన మనస్సుకు తాను చెప్పుకొన్న సమాధానం కూడా అదే కాబోలు.

యుద్ధ చరిత్ర వ్రాయాలన్న కోరిక అతనికి ఉండినది. 1865 జూలై 31నే పాత సేనాధికారులకు ఒక విజ్ఞప్తి పంపినాడు: మీ వద్ద ఉన్న నివేదికలు, సైనికుల సంఖ్యలు, ఆజ్ఞాపత్రాలు పంపవలసినదని. తన దళం కాగితాలు చివరి తిరోగమనంలో తగులబడిపోయినవి. జవాబులు వచ్చినవి గాని వచ్చినవారి పెట్టెలు కూడా ఖాళీయే. మెక్సికోకు తరలిపోయిన జూబల్ అర్లీతో సైన్యాల సంఖ్యను గూర్చి ఉత్తర ప్రత్యుత్తరాలు సాగినవి. ఎంత తక్కువ మందితో ఎంత ఎక్కువ మందిని ఎదిరించినామో లోకానికి తెలియాలన్న తపన ఇద్దరిదీ. అర్లీ ఆ తపనను తరువాత ఒక మతంవలె ప్రచారం చేసినాడు. లీ మాత్రం పుస్తకం వ్రాయనే లేదు. ఆ స్థానంలో తన తండ్రి వ్రాసిన స్వాతంత్ర్య సమర స్మృతులను, తాను కూర్చిన తండ్రి జీవితంతో సహా, 1869లో మరల ప్రచురించినాడు. అప్పులలో మునిగి ఇల్లు విడిచిన తండ్రిని అందులో అచ్చమైన వీరునిగానే చిత్రించినాడు.

బహిరంగ వివాదంలోకి దింపజూచిన ఉత్తరాలకు అతని జవాబు ఒక్కటే. దక్షిణ రాష్ట్రాల అధ్యక్షుడుగా ఉండి ఖైదులో మ్రగ్గుతున్న జెఫర్సన్ డేవిస్ భార్య వరీనా 1866 ఫిబ్రవరిలో వ్రాసినది. కాంగ్రెసు సభాపతి కోల్ఫాక్స్ ఉపన్యాసంలో మాటలు ఆమెకు బాధ కలిగించినవి. లీ ఆ ఉపన్యాసం చూడలేదన్నాడు. చూసినా ఖండించడం తనకు తోచేది కాదన్నాడు. మౌనమూ ఓర్పూ తప్ప దక్షిణాదికి వేరు మార్గం లేదన్నాడు. భర్త చెరలో ఉన్న స్త్రీకి ఆ జవాబు ఎంత చల్లగా తగిలినదో ఊహించవచ్చు. 1869లో గెటిస్‌బర్గ్ రణభూమిపై సేనలు నిలిచిన తావులను రాళ్ళు పాతి గుర్తించడానికి రమ్మని ఆహ్వానం వచ్చినప్పుడు కూడా, యుద్ధపు గాయాలను తెరచియుంచడం కంటె అంతఃకలహాల గుర్తులను చెరపివేసిన దేశాలను అనుసరించడమే మేలని వ్రాసి పోలేదు. లీ పేరుతో తరువాతి కాలంలో వీధి వీధినా విగ్రహాలు నిలిపినవారు ఈ ఉత్తరాన్ని చదివియుండరు. చదివినా ప్రక్కకు పెట్టియుంటారు.

లాంగ్‌స్ట్రీట్ ఉత్తరం కథ కొంత బాధాకరమైనది. గెటిస్‌బర్గ్‌లో లీకి కుడిభుజంగా ఉన్న ఈ సేనాని, ఓడినవారు గెలిచినవారి చట్టాన్ని ఒప్పుకొని, నల్లవారికి వోటు ఇచ్చే రిపబ్లికన్ పక్షంతో కలిసి పనిచేయడమే వివేకమని 1867లో ప్రకటించి, లీ సమర్థన కోరుతూ వ్రాసినాడు. అక్టోబరు 29న లీ జవాబిచ్చినాడు. చట్టానికి లోబడవలసినదే గాని ఆ పక్షపు విధానాన్ని తాను మెచ్చలేనని, అతని పక్షాన మాట చెప్పలేనని. పాత నాయకుని అండ లేని లాంగ్‌స్ట్రీట్‌ను దక్షిణాది ద్రోహిగా వెలివేసినది. పోరు ముగిసినదని అందరికీ బోధించినవాడు, ఆ బోధను పూర్తిగా ఆచరించజూచిన సహచరునికి చేయి అందించలేదు.

ఇక్కడ లీ చరిత్రలో చాలమంది రచయితలు తొందరగా దాటిపోయే భాగం ఉన్నది. 1857లో మామగారు మరణించినప్పుడు ఆర్లింగ్టన్ మొదలైన ఎస్టేట్ల బానిసలను అయిదేండ్లలోగా విడుదల చేయాలని వీలునామా వ్రాసినాడు. దానిని అమలు జరిపే భారం లీది. యజమాని చావుతోనే తమకు స్వేచ్ఛ వస్తుందని ఆ బానిసలు నమ్మినారు. ఎస్టేటు అప్పులు తీర్చడానికి లీ గడువు చివరివరకు వారితో పని చేయించినాడు. 1862 డిసెంబరులో గాని విడుదల పత్రం పూర్తి కాలేదు. ఈలోగా 1859లో వెస్లీ నారిస్, అతని చెల్లెలు, మరొక బంధువు పారిపోయి మేరీలాండులో పట్టుబడినారు. లీ సమక్షంలో తమను కొరడాలతో కొట్టించి, గాయాలపై ఉప్పునీరు పోయించినారని నారిస్ ఇచ్చిన వాఙ్మూలం 1866 ఏప్రిల్‌లో బానిసత్వ వ్యతిరేక పత్రికలో వెలువడినది. దీనిని గూర్చి అడుగుతూ లీకి కూడా ఉత్తరాలు వచ్చినవి. అందులో నిజమేమీ లేదని ఆంతరంగికంగా జవాబు వ్రాసినాడు గాని పత్రికలలో ఖండించలేదు. పారిపోయినవారిని పట్టితెచ్చినందుకు సొమ్ము చెల్లించినట్లు లీ లెక్కల పుస్తకంలోనే నమోదై ఉన్నదని ఎలిజబెత్ బ్రౌన్ ప్రయర్ 2007లో ప్రచురించిన గ్రంథంలో చూపినది. నారిస్ చెప్పిన మిగతా వివరాలు కూడా ఆనాటి కాగితాలతో సరిపోతున్నవి.

అదే కాలంలో మరొక ఉత్తరం వచ్చినది. ఆర్లింగ్టన్‌లో ఒకనాడు బానిసగా ఉన్న అమాండా పార్క్స్ అనే స్త్రీ, 1866 ఫిబ్రవరిలో లీ కాంగ్రెసు కమిటీ ముందు సాక్ష్యం చెప్పడానికి వాషింగ్టన్ వచ్చినాడని విని అతని బసకు పోయినది. అతడు లేడు. తరువాత ఉత్తరం వ్రాసినది. లీ మార్చి 9న జవాబిచ్చినాడు: కలుసుకోలేకపోయినందుకు విచారిస్తున్నాననీ, ఆమె, ఆర్లింగ్టన్‌లోని మిగిలినవారు ఎట్లా బ్రతుకుతున్నారో తెలుసుకోవాలని ఉండినదనీ, వారు సుఖంగా ఉండాలనీ. ఆ మర్యాదలో కపటం కనబడదు. కాని ఆ పర్యటనలోనే, ఫిబ్రవరి 17న, కమిటీ ముందు నల్లవారు ప్రస్తుతం వివేకంతో వోటు చేయలేరని సాక్ష్యమిచ్చినవాడు కూడా అతడే. 1868 ఆగస్టులో ఉత్తరాది సేనాని రోజ్‌క్రాన్స్ దక్షిణాది అభిప్రాయం తెలుపుమని వైట్ సల్ఫర్ స్ప్రింగ్స్‌లో వ్రాసిన లేఖకు లీ, మరికొందరు ప్రముఖులు కలిసి సంతకాలు చేసిన జవాబులోనూ అదే మాట. నల్లవారిపై ద్వేషం లేదు, రాజ్యాధికారం మాత్రం వారి చేతికి రాకూడదు. క్షేమం అడిగినవాడు హక్కు ఒప్పుకోలేదు. ఈ రెండు జవాబులను ప్రక్కప్రక్కన పెట్టి చదవని వారికి లీ సగమే అర్థమౌతాడు.

సముద్రం దాటి వచ్చిన లేఖలలో రెండు చెప్పుకోదగినవి. ఫిలిప్ వర్స్‌లీ అనే ఆంగ్ల కవి హోమరు ఇలియడ్‌ను అనువదించి, లీని ట్రాయ్ నగర వీరుడు హెక్టరుతో పోల్చే పద్యాలతో ఆ ప్రతిని కానుకగా పంపినాడు. చలికాలపు సాయంకాలాలలో లీ దానిని ఇంట చదివి వినిపించేవాడు. 1866 ఫిబ్రవరిలో కవికి కృతజ్ఞతలు తెలుపుతూ పద్యాలకు తాను తగనన్నాడు. క్షయరోగంతో ఉన్న కవి అదే సంవత్సరం మేలో మరణించినాడు. రెండవది తరువాతి కాలంలో గొప్ప చరిత్రకారుడైన ఆక్టన్ ప్రభువుది. ముప్పైరెండేండ్ల వయస్సులో, 1866 నవంబరులో, ఇటలీలోని బొలోన్యా నగరం నుండి వ్రాసినాడు. రాష్ట్రాల హక్కులలో ఆయన స్వాతంత్ర్యపు రక్షణ చూసినాడు. వాటర్లూ విజయానికి సంతోషించినదానికంటే రిచ్‌మండ్ పతనానికి ఎక్కువగా దుఃఖించినానన్నాడు. లీ డిసెంబరు 15న దీర్ఘమైన జవాబు వ్రాసి, అధికారమంతా ఒక్కచోట చేరిన మహారాజ్యం వెలుపల దురాక్రమణకు, లోపల నిరంకుశత్వానికి దారి తీస్తుందని భయపడినాడు. ఆలోచింపదగిన మాటే. అయినా అధికారం దుర్వినియోగమౌతుందని అంతగా తలపోసిన ఆ ఇద్దరు ధీమంతుల లేఖలలోనూ నలభై లక్షల మంది బానిసలపై యజమానులు చెలాయించిన అధికారం ప్రధాన విషయం కాకపోవడం నేటి పాఠకునికి కొట్టవచ్చినట్లు కనబడుతుంది.

కళాశాల ఉత్తరాల దగ్గరికి వస్తే లీ పూర్తిగా వేరే మనిషి. యుద్ధరంగం నుండి తిరిగివచ్చిన యువకులు, తండ్రులు చనిపోయిన పిల్లలు దక్షిణాది నలుమూలలనుండి చేరడం మొదలుపెట్టినారు. మొదట యాభై మందితో తెరచిన కళాశాలలో రెండు మూడు సంవత్సరాలలో విద్యార్థులు నాలుగు వందల సంఖ్యకు చేరినారు. గ్రీకు, లాటిన్ మాత్రమే విద్య అనుకొనే కాలంలో సైన్సు, ఇంజనీరింగు, ఆధునిక భాషలు ప్రవేశపెట్టినాడు. 1866లో న్యాయశాస్త్ర పాఠశాలను కలుపుకొన్నాడు. 1869లో పత్రికారచన నేర్చేవారికి వేతనాలు ఏర్పరచినాడు. విద్యార్థి తనకు నచ్చిన విషయాలు ఎన్నుకోవచ్చు. సైనిక క్రమశిక్షణ బడిలో పనికిరాదన్నది ఈ జనరల్ అభిప్రాయం. నియమాల జాబితా అడిగిన విద్యార్థికి, ఇక్కడ ఉన్న నియమం ఒక్కటే, పెద్దమనిషివలె మెలగడం అని చెప్పినాడట. ధనం కొరకు కూడా ఉత్తరాలు వెళ్ళినవి. కోత యంత్రం తయారుచేసిన మెకార్మిక్ 1866లో 10,000 డాలర్లు ఇచ్చినాడు. పుట్టింది వర్జీనియాలో, స్థిరపడినది షికాగోలో గనుక అతనికి ఇరుపక్షాల బాధ తెలుసు.

తల్లిదండ్రులకు వ్రాసిన ఉత్తరాలు లీ స్వయంగా చూసుకొనేవాడు. ప్రతి విద్యార్థి పేరు, మార్కులు అతనికి కంఠస్థం. చదువులో వెనుకబడిన కుర్రవానిని వెళ్ళగొట్టే బదులు, ఇంటికి పిలిపించుకొంటే మంచిదని తండ్రికి సూచించేవాడు. ఆ కుర్రవాని ముఖానికి మచ్చ రాకూడదన్నది ఉద్దేశం. 1868 మార్చిలో నదిలో పడవ ప్రమాదానికి ఒక విద్యార్థి బలియైనప్పుడు, నీ దుఃఖాన్ని తగ్గించే మాట నా వద్ద లేదని తండ్రికి వ్రాసినాడు. ఆనీని పోగొట్టుకొన్నవానికి ఆ మాట వ్రాయడానికి వెతుక్కొనే పని లేదు. రెండేండ్ల క్రితమే నార్త్ కరోలినా స్త్రీలు ఆనీ సమాధిపై రాతిస్తంభం నిలిపి రమ్మని వ్రాస్తే, కళాశాల పనుల వలన పోలేక కృతజ్ఞతలు మాత్రమే పంపియున్నాడు.

ఈ పెద్దమనిషి నియమం ఎవరెవరికి వర్తించినది? లెక్సింగ్టన్‌లో స్వేచ్ఛ పొందిన నల్లవారి బడిమీద, అక్కడ బోధించే ఉత్తరాది ఉపాధ్యాయులమీద కళాశాల విద్యార్థులు కొందరు దౌర్జన్యం చేసినారని ఫిర్యాదులు వచ్చినవి. సైనికాధికారుల లేఖలు వచ్చినప్పుడు లీ విచారించినాడు, కొందరిని పంపివేసినాడు. 1868లో న్యాయమూర్తి బ్రాకెన్‌బరో కుమారునిపై ఒక నల్లయువకుడు తుపాకి కాల్చినప్పుడు, అతన్ని చంపబోయిన గుంపును చెదరగొట్టి చట్టానికి వదలుమన్నాడు. అయినా ఆ దౌర్జన్యాలు ఆగలేదు. విద్యార్థులమీద అతని మాటకు ఉన్న బలం తెలిసినవారికి, ఆ బలాన్ని ఈ విషయంలో అతడు పూర్తిగా వాడినాడా అన్న సందేహం కలుగక మానదు.

1870 వసంతంలో గుండెజబ్బు ముదిరి, వైద్యుల సలహాపై కుమార్తె ఆగ్నెస్‌తో దక్షిణాదికి ప్రయాణమైనాడు. మొదట ఆనీ సమాధి చూసినాడు. తరువాత కంబర్లాండ్ ద్వీపంలో తండ్రి సమాధిమీద ఆగ్నెస్ పూలు ఉంచినది. స్టేషన్ స్టేషన్‌లోనూ జనం గుమిగూడి కేకలు వేసినారు. జనం సందడి అతనికి రుచించలేదు.

సెప్టెంబరు 28వ తేదీ ఉదయం కార్యాలయానికి పోయి బాల్టిమోర్ మిత్రుడు టాగర్ట్‌కు ఉత్తరం వ్రాసినాడు. ఆరోగ్యం కొంత మెరుగనీ, నొప్పులు తగ్గినవనీ అందులో ఉన్నది. అదే చివరి ఉత్తరం. సాయంకాలం చలివానలో చర్చి పాలకసంఘ సమావేశానికి వెళ్ళినాడు. పురోహితుని జీతానికి తక్కువైన 55 డాలర్లు తానే ఇస్తానని చెప్పి ఇంటికి వచ్చి, భోజనానికి ముందు ప్రార్థన చేయడానికి బల్ల దగ్గర నిలబడినాడు. మాట రాలేదు. రెండు వారాలు మంచాన ఉండి అక్టోబరు 12 ఉదయం మరణించినాడు. ఆ వారం వరదలు వచ్చి ఊరికి తెచ్చిన శవపేటికలు కొట్టుకొనిపోగా, దొరికిన ఒకదానిలో, అది పొట్టిదైనందున పాదరక్షలు లేకుండానే అతన్ని పడుకోబెట్టినారని చెప్పుకొంటారు. కళాశాల వాషింగ్టన్ అండ్ లీ విశ్వవిద్యాలయమైనది. పేరు మార్చాలన్న కోరిక వచ్చినప్పుడు 2021లో పాలకవర్గం పేరు ఉంచి, లీ కట్టించిన ప్రార్థనామందిరం నుండి మాత్రం అతని పేరు తొలగించినది. దాని క్రింది అంతస్తులోని గదిని అతడు వదలిపోయినట్లే ఉంచినారు.

లేఖల కథ అక్కడితో ముగియలేదు. కొన్నిటిని కుమారుడు రాబర్ట్ 1904లో గ్రంథంగా ప్రచురించినాడు. పెద్ద కుమార్తె మేరీ 1918లో మరణించకముందు అలెగ్జాండ్రియా నగరంలోని ఒక బ్యాంకులో రెండు పెట్టెలు దాచి, ఎవరికీ చెప్పినట్లు లేదు. 2002లో బ్యాంకువారు నేలమాళిగ సర్దుతుండగా అవి కనబడినవి. తెరచి చూస్తే సుమారు 4000 కాగితాలు, వస్తువులు. అవి వర్జీనియా చరిత్ర పరిషత్తుకు చేరినవి.